స్కూలు బావిలో అణువు

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. ఎక్కడ చూసినా అణువు మాటే. కరెంటు ముఖం చూడని ఊళ్ళలో కూడా పెద్దమనుషులు లాంతరు చుట్టూ చేరి, రేపో మాపో అణుశక్తితో వీధిదీపాలు వెలుగుతాయని చెప్పుకునేవాళ్ళు. నల్లగుండ్లపేట అలాంటి ఊరే. ఆ ఊరి తాలూకా కచేరీలో అశ్వత్థప్ప డిప్యూటీ తాసిల్దారు. తాసిల్దారు గారు కీళ్ళనొప్పులకు వైద్యం చేయించుకోవడానికి సెలవు మీద ఎక్కడికో పోయి, అక్కడి గాలి బాగుందని ఉండిపోయారు. దాంతో తాలూకా మొత్తం అశ్వత్థప్ప నెత్తిమీద పడింది.

ఆయన చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, కసురుకోడు. కాకపోతే ప్రభుత్వ ఉత్తర్వంటే ఆయనకు మహా భక్తి. ఉత్తర్వులో ఏది రాసుంటే అది చేయాలి, రాయనిది చేయకూడదు, ఎందుకు రాశారని అడగకూడదు. ఇంతే ఆయన సర్వీసు మొత్తానికీ సూత్రం. ఈ పద్ధతి వల్ల ఊళ్ళో ఎవరికీ పెద్దగా మేలు జరగలేదు గానీ ఒక్కటి మాత్రం జరగబోయింది. అది ఆడపిల్లల స్కూలు బావి.

నల్లగుండ్లపేట ఒక పెద్ద బండ మీద కూర్చున్న ఊరు. నీళ్ళు కావాలంటే వంక దాకా నడిచి, ఇసుకలో చెలమ తీసి, గిన్నెతో ముంచి తెచ్చుకోవాలి. ఎండలు ముదిరితే ఇంటిల్లిపాదీ నీళ్ళకే తిరగాలి కాబట్టి, ముందు బడి మానేది ఆడపిల్లలు. స్కూలు హెడ్మిస్ట్రెస్ రత్నావళి ఈ సంగతి పట్టుకుని కచేరీ మెట్లు అరగదీసింది. స్కూల్లో నీటి వసతి లేకపోతే వచ్చే ఏడు ఈ బడి ఎత్తేస్తామని ఇన్‌స్పెక్టరు చెప్పి వెళ్ళాక, అశ్వత్థప్ప కూడా ఎన్నడూ లేనంత పట్టుదలగా వెంటపడి బావికి మంజూరు తెప్పించాడు. బండ పగలగొట్టే మేస్త్రీలు దిగారు. తూటాలు పెట్టి పేలుస్తూ పోగా పోగా అడుగున రాయి చల్లగా తగిలింది. ఇంకో నాలుగు తూటాలు పేలిస్తే ఊట పడుతుందని మేస్త్రి చెప్పాడు. ఆ సాయంత్రం అశ్వత్థప్ప ఇంటికి పోతూ, తనంత తానే కాసేపు నవ్వుకున్నాడు కూడా.

మర్నాడు ఊళ్ళోకి జీపు వచ్చింది. అందులోంచి అణుఖనిజ పరిరక్షణ శాఖ స్పెషల్ ఆఫీసరు రాజలింగం గారు దిగారు. ఆయన వెనక బంట్రోతు ఒక ఇనప పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. దానికి ఒక గొట్టం, చెవులకు తగిలించుకునే బిళ్ళలు ఉన్నాయి. అణువు ఉన్నచోట ఆ పెట్టె టిక్కు టిక్కుమంటుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత గబగబా అంటుంది.

రాజలింగం గారు మామూలుగా మాట్లాడరు. కాఫీ అడిగినా అందులో దేశం ఉంటుంది. కచేరీలో అందరినీ నిలబెట్టి ఆయన ఉత్తర్వు చదివారు. దాని సారాంశం ఇది. మామూలుకు మించి టిక్కులిచ్చే ప్రతి వస్తువూ అణుఖనిజం, జాతి సంపద. అది ఎక్కడ దొరికితే అక్కడే, ఎలా దొరికితే అలాగే ఉండాలి. కదిలించరాదు, పగలగొట్టరాదు, తాలూకా పొలిమేర దాటించరాదు. ఇదివరకే కదిలించి ఉంటే తిరిగి యథాస్థానంలో పెట్టాలి. తప్పనిసరిగా వాడుకోవలసి వస్తే అధికారం పొందిన ఆఫీసరు సమక్షంలో మాత్రమే వాడుకోవాలి. తేడా వస్తే ఆ తాలూకా అధికారి స్వయంగా బాధ్యుడు.

మామూలంటే ఎంత అని అశ్వత్థప్ప వినయంగా అడిగాడు. అది శాఖ పెద్దలు ఎంతో శ్రమపడి నిర్ణయించారని రాజలింగం గారు చెప్పారు. నేల మీద కొలిస్తే ఒక్కోచోట ఒక్కోరకంగా వస్తోందట. అందుకని పడవ కట్టించుకుని నడిసముద్రంలోకి పోయి, ఏ రాయీ రప్పా లేనిచోట ప్రశాంతంగా కొలిచారట. దేశానికంతటికీ అదే మామూలు.

ఎక్కడ రాళ్ళు కొత్తగా బయటపడ్డాయని ఆయన అడిగారు. ఊళ్ళో అందరికీ తెలిసిన జవాబే కాబట్టి అశ్వత్థప్ప ఆయన్ను స్కూలుకు తీసుకెళ్ళాడు. పెట్టె గొట్టాన్ని తాడుకు కట్టి బావిలోకి దించారు. పెట్టె ఒక్కసారిగా టిక్కుల వాన కురిపించింది.

రాజలింగం గారు కళ్ళు మూసుకుని చెవి బిళ్ళలు రెండు చేతులతో అదుముకున్నారు. "అశ్వత్థప్పగారూ, ఇది టిక్కు కాదు," అన్నారు గద్గదంగా. "జాతి భవిష్యత్తు మన తలుపు తడుతున్న చప్పుడు."

తలుపు తట్టగానే బావి పని ఆగిపోయింది. అంతే కాదు, తవ్వి పోసిన రాయినంతా యథాస్థానంలో, అంటే తిరిగి బావిలో పోయాలని ఆయన ఆదేశించి, పెట్టెను అశ్వత్థప్పకు అప్పగించి, తాలూకా అంతా కొలవమని చెప్పి, జీపెక్కారు.

రత్నావళి అంతసేపూ అరుగు మీద నిలబడి చూస్తూనే ఉంది. జీపు కనుమరుగయ్యాక దగ్గరికొచ్చింది.

"పూడుస్తారా సార్?"

"ఉత్తర్వమ్మా."

"ఊట పడబోతోంది. చేత్తో తాకితే తడి తగులుతోంది."

"నాకు తెలీదా?" అన్నాడు అశ్వత్థప్ప. ఆ గొంతు అలా పలుకుతుందని ఆయనకే తెలీదు.

పూడ్చనని ఆయన అనలేదు. ఉత్తర్వును మళ్ళీ మళ్ళీ చదివి, నిజాయితీగా ఒక అనుమానం రాసి పంపాడు. యథాస్థానంలో అన్నారు. తూటాలకు పగిలిన రాయి వేల ముక్కలైంది. ఏ ముక్క స్థానం ఏదో తెలియకుండా పోస్తే ఉత్తర్వును ధిక్కరించినట్టవుతుంది. కాబట్టి ముక్కల స్థాన నిర్ణయం ఎలాగో సెలవివ్వవలసింది. శాఖ దీన్ని తీవ్రంగా పరిగణించింది. స్థాన నిర్ణయానికి ఒక సంఘం వేస్తున్నామని, అందాకా ఏ ముక్కనూ ముట్టుకోవద్దని జవాబొచ్చింది. బావి తెరిచి ఉండిపోయింది, నీళ్ళు లేకుండా.

ఊరు మాత్రం సంబరంలో మునిగింది. బస్టాండు దగ్గర హోటలువాడు బోర్డు మార్చి అణు కాఫీ క్లబ్బు అని రాయించాడు. పంచాయతీ ప్రెసిడెంటు వీధిదీపాల కోసం ముందుగానే స్తంభాలు పాతించబోతే, గుంట తవ్వరాదని అశ్వత్థప్ప ఆపాడు. దాంతో స్తంభాలను గోడలకు ఆనించి పెట్టారు.

అశ్వత్థప్ప పెట్టె భుజాన వేసుకుని బయల్దేరాడు. కొలవమన్నారు, కొలిచాడు. ఊరి బండ టిక్కుమంది. ఊరి బయటి గుట్ట టిక్కుమంది. చావడి అరుగు టిక్కుమంది. ఇళ్ళల్లోకి వెళ్తే గడప రాయి, స్నానాల బండ, రోలు, తిరగలి అన్నీ సముద్రం మీది మామూలును మించిపోయాయి. బండ మీద పుట్టిన ఊళ్ళో బండతో చేసిన వస్తువు అలాగే ఉంటుందని ఎవరికైనా తోచేదే. కానీ ఉత్తర్వులో తోచడం గురించి ఏమీ లేదు. ప్రతి రోటికీ, ప్రతి తిరగలికీ తాడు చుట్టి లక్క సీలు వేయించాడు. మొదటి సీలు తన ఇంట్లోనే పడింది.

ఆయన భార్య నాగరత్నమ్మ సీలు వేసిన రోటిని కాసేపు చూసింది. తర్వాత మొగుడికేసి అంతకంటే ఎక్కువసేపు చూసింది.

"రాగులు నానబెట్టుకుని తింటారా, ఎండబెట్టుకుని తింటారా?" అని మాత్రం అడిగింది.

దీనికి జవాబు ఆయన ఉత్తర్వులోనే వెతికాడు. దొరికింది. అధికారం పొందిన ఆఫీసరు సమక్షంలో వాడుకోవచ్చు. పెట్టె అప్పగించింది తనకే, తాలూకా మొత్తానికి అలాంటి ఆఫీసరు తనొక్కడే. కాబట్టి పిండి కావలసినవాళ్ళు కచేరీ వేళల్లో తిరగలి తెచ్చి తన ఎదుట విసురుకోవచ్చని దండోరా వేయించాడు. కదిలించరాదన్న నిబంధనకు భంగం కాకుండా తెచ్చేటప్పుడూ తీసుకుపోయేటప్పుడూ బంట్రోతు తోడుండి, తిరగలి ఎక్కణ్ణుంచి లేచిందో అక్కడ సుద్దతో గుర్తు పెడతాడు.

మర్నాటి నుంచి కచేరీ రూపమే మారిపోయింది. వరండా నిండా ఆడవాళ్ళు. రికార్డు గదిలో కూడా తిరగళ్ళే. శిస్తు వివాదాల మీద విచారణ జరుగుతుంటే పక్కన రాగులు గరగరమని నలిగేవి. సాక్షి ఏం చెప్పాడో వినపడక గుమాస్తా తనకు తోచింది రాసుకునేవాడు. విసిరేటప్పుడు పాడే పాటల్లోకి అశ్వత్థప్ప పేరు కూడా చేరింది. పొగుడుతున్నారో తిడుతున్నారో ఆయనకు తెలియలేదు. ఫైళ్ళ మీద, కుర్చీల మీద, ఆయన నల్లకోటు మీద పిండి పేరుకుంది. కలెక్టరాఫీసుకు పోయిన కాగితాలు దులిపితే పిండి రాలిపడేదట.

ఒకరోజు రత్నావళి కూడా వచ్చింది. ఆమె చేతిలో తిరగలి లేదు. బడికి రావలసిన పిల్లల్లో సగం మంది తల్లుల వెంట ఈ వరండాలోనే ఉన్నారని, మిగతా సగం వంక దగ్గర ఉన్నారని చెప్పింది. ఓబుళమ్మ అనే పిల్ల చెలమ దగ్గర ఎండకు సోలి పడిపోతే ఎత్తుకొచ్చారని, రెండు రోజులుగా ఒళ్ళు కాలిపోతోందని కూడా చెప్పింది. అశ్వత్థప్ప తల దించుకుని విన్నాడు.

ఆమె లేచి పోబోతూ ఆగి, తను ఆనుకున్న రాతి స్తంభాన్ని తట్టింది.

"దీన్ని కొలిచారా సార్?"

ఆమె ఎత్తిపొడుపుగానే అంది. కానీ అశ్వత్థప్పకు ఎత్తిపొడుపు తెలియదు. ఆయన ముఖం పాలిపోయింది. ఇంత బాధ్యత ఎలా మరిచాడు? అప్పటికప్పుడు పెట్టె తెప్పించి స్తంభానికి గొట్టం ఆనించాడు. కచేరీ దొరల కాలంలో కట్టింది. గోడ, నేల, కప్పు అంతా రాయే. పెట్టె బావి దగ్గర కంటే గట్టిగా మోగింది.

అంటే కచేరీ కూడా అణుఖనిజమే. అది కూడా అధికారం పొందిన ఆఫీసరు సమక్షంలో తప్ప వాడకూడదు. ఆయన లేచి బయటికి పోతే లోపలున్నవాళ్ళంతా జాతి సంపదను దొంగతనంగా వాడుతున్నట్టే లెక్క. ఆనాటి నుంచి అశ్వత్థప్ప కచేరీ దాటలేదు. స్నానానికి పోవాలంటే గుమాస్తాలను, కక్షిదారులను, తిరగళ్ళతో సహా ఆడవాళ్ళను బయటికి పంపి, తాళం వేసి పోయేవాడు. నాగరత్నమ్మ రోజూ సంగటి ముద్ద పట్టుకొచ్చేది. తినేంతసేపూ ఆయన ఫైళ్ళే తిప్పేవాడు. ఒకసారి మాత్రం, ఆ ఓబుళమ్మ ఎట్లుంది అని అడిగాడు. లేచి కూర్చుందని చెప్పింది ఆవిడ. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పిండి పడిందేమో అనుకుంది.

కచేరీ సంగతి రిపోర్టు చేయడంతో రాజలింగం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆయన నడక మారింది. నల్లగుండ్లపేట నిధిని కనిపెట్టినందుకు శాఖవారు సభ పెట్టి, శాలువా కప్పి, విదేశాల నుంచి తెప్పించిన రేడియం చేతిగడియారం బహూకరించారు. చీకట్లో అంకెలు పచ్చగా మెరుస్తాయట. దాన్ని చూపించడానికి ఆయన కచేరీ కిటికీలన్నీ మూయించారు. విసిరే ఆడవాళ్ళు తిరగళ్ళు ఆపి మరీ చూశారు.

తర్వాత ఆయన కచేరీని స్వయంగా పరీక్షించడానికి పెట్టె అందుకున్నారు. కుడిచేత్తో గొట్టం పట్టుకుని, ఎడమచేత్తో దాని మూతి తుడవబోయారు. పెట్టె మోగడం కాదు, అరిచింది. టిక్కుకూ టిక్కుకూ మధ్య సందు లేకుండా పోయింది. ఆయన చెయ్యి తీస్తే తగ్గింది. దగ్గర పెడితే మళ్ళీ అరిచింది.

అశ్వత్థప్ప ముందుకొచ్చి, అయ్యా ఒక్కసారి అని, గొట్టాన్ని గడియారానికి ఆనించి చూశాడు. ఊళ్ళో బండలన్నీ కలిసినా ఇంత మోత రాలేదు.

ఆయన గొట్టాన్ని పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఉత్తర్వు తీసి రాజలింగం గారి ముందు పెట్టాడు. గడియారం మామూలుకు మించింది కాబట్టి అణుఖనిజం. దొరికిన చోటే, దొరికినట్టే ఉండాలి. దొరికింది స్పెషల్ ఆఫీసరు గారి ఎడమ మణికట్టు మీద. కాబట్టి దాన్ని అక్కణ్ణుంచి తీయరాదు. తాలూకా పొలిమేర దాటించరాదు. గడియారం దాటకూడదంటే మణికట్టు దాటకూడదు. మణికట్టు దాటకూడదంటే...

"నేను దాటకూడదా?" అన్నారు రాజలింగం గారు.

"తమరు దాటొచ్చు సార్," అన్నాడు అశ్వత్థప్ప చేతులు కట్టుకుని. "చెయ్యి మాత్రం ఇక్కడ ఉండాల."

వరండాలో ఎవరో నవ్వబోయి, కొంగు అడ్డం పెట్టుకున్నారు. అశ్వత్థప్ప నవ్వలేదు. ఇది తను పగతో చేస్తున్నాడా, భక్తితో చేస్తున్నాడా అని ఆ క్షణంలో ఆయన్నడిగితే చెప్పలేకపోయేవాడు. లక్క మాత్రం సరిగ్గానే కరిగించాడు. గడియారం పట్టీకి తాడు చుట్టి సీలు వేశాడు.

రాజలింగం గారు మండిపడ్డారు. ఆ ఉత్తర్వు రాసిందే తనన్నారు. అందుకే దానికి అంత విలువిస్తున్నామని అశ్వత్థప్ప మనవి చేశాడు. ఆయన శాఖకు తంతి కొట్టారు. ఇంత అరుదైన టిక్కులిచ్చే అధికారి దొరకడం శాఖకు గర్వకారణమని, తదుపరి ఆదేశాలు వచ్చేదాకా ఆయన్ను ఉన్నచోటే భద్రంగా ఉంచవలసిందని జవాబొచ్చింది.

ఆయన ట్రావెలర్స్ బంగళాలో ఉండిపోయారు. అప్పటికి ఎండలు మండిపోతున్నాయి. వంకలో చెలమలు ఎండుకొస్తున్నాయి. మొదట స్నానం నీళ్ళు తగ్గాయి. తర్వాత వంటమనిషి, కడవ నీళ్ళకు తెల్లారి పోతే పొద్దు నడినెత్తికి ఎక్కుతోందని చెప్పి పని మానేసింది. చివరికి ఆయనే చెంబు పట్టుకుని వంకకు వెళ్ళాల్సొచ్చింది. అక్కడ ఆడపిల్లలు చెలమ చుట్టూ వరుసగా కూర్చుని ఉన్నారు. నీరు ఊరేదాకా ఆగి, ఒక్కో గిన్నే ముంచుకోవాలి. స్పెషల్ ఆఫీసరు గారు కూడా వరుసలో కూర్చున్నారు. ఆయన ముందు ఓబుళమ్మ ఉంది. తన వంతు వచ్చాక ఆయన ముఖం చూసి, మొదటి గిన్నె ఆయన చెంబులో పోసింది.

ఏమనిపించిందో ఏమో, ఆయన అట్నుంచి అటే తడి చెంబుతో స్కూలుకు నడిచారు. బావి గట్టు మీద నిలబడి లోపలికి చాలాసేపు చూశారు. రత్నావళిని పిలిచి, ఊట ఎంత లోతులో పడుతుందన్నారని అడిగారు. కచేరీకి వచ్చినప్పుడు ఆయన గొంతులో దేశం లేదు.

"బావి తవ్వకూడదని నేనే రాశాను," అన్నారు. "నా రాతను నేనే కొట్టేస్తే నా ఉద్యోగం పోతుంది. ఏదైనా దారి ఉందా అశ్వత్థప్పగారూ?"

ఉత్తర్వు తప్పని ఒక ఆఫీసరు నోట వినడం అశ్వత్థప్పకు అదే మొదటిసారి. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. పక్కన తిరగళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. సర్వీసంతా ఉత్తర్వులు చదివినవాడికి, ఒక ఉత్తర్వు రాయడం ఎంత సుఖమో ఆ పూట తెలిసొచ్చింది.

సాయంత్రానికి రెండు ఉత్తర్వులు తయారయ్యాయి. మొదటిదాని ప్రకారం తాలూకాలో రోలు, తిరగలి కలిగిన ప్రతి గృహిణీ ఆ రోటికీ, తిరగలికీ గౌరవ అణుఖనిజ పర్యవేక్షకురాలు. ఆమె సమక్షంలో వాటిని వాడుకోవచ్చు. సీళ్ళు విప్పేశారు. నాగరత్నమ్మ ఈ పదవిని చాలా తీవ్రంగా తీసుకుంది. ఆ తర్వాత ఎన్నడైనా సంగటి బాగాలేదని మొగుడంటే, తను కూడా ఆఫీసరేనని, రాతపూర్వకంగా ఇమ్మని అనేది.

రెండో ఉత్తర్వు స్కూలు బావి గురించి. ఇకమీదట అది బావి కాదు, అణుఖనిజ పరిశీలనా కుహరం. శాస్త్రీయ పరిశీలన నిమిత్తం దాన్ని మరికొంత లోతు చేయడం అవసరం. అలా చేసినప్పుడు నీరు వంటి అవాంఛనీయ పదార్థమేదైనా ఊరి పరిశీలనకు ఆటంకం కలిగిస్తే, ఆ ఆటంకాన్ని స్కూలు సిబ్బంది, విద్యార్థినులు, గ్రామస్థులు కడవలతో, బిందెలతో ప్రతిదినం తొలగించాలి. తొలగించిన పదార్థాన్ని తమకు తోచిన విధంగా ఖర్చు చేసుకోవచ్చు.

మేస్త్రీలు మళ్ళీ దిగారు. రెండో తూటాకే ఆటంకం ఊరింది. మొదట బురదగా, తర్వాత తేటగా. రత్నావళి తానే బిందె తోడి పైకి లాగింది. మొదటి చెంబు, కచేరీకి తాళం వేసి వచ్చిన అశ్వత్థప్పకిచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని, గుటకలు వేస్తూ, చొక్కా మీద ఒలకబోసుకుంటూ, మొత్తం తాగాడు. కాస్త రాతి రుచి ఉందన్నాడు. ఖాళీ చెంబు మళ్ళీ చాపాడు.

ఆ వానాకాలంలోనే ప్రభుత్వానికి ఎరువు గుంటల మీద ఉత్సాహం పుట్టింది. అణుఖనిజ శాఖ మూతపడింది. పెట్టెలు వెనక్కి పోయాయి. రాజలింగం గారి మణికట్టుకు విడుదల దొరికింది. ఆయన ఎరువు గుంటల స్పెషల్ ఆఫీసరై, అదే జీపులో, అదే గొంతుతో వేరే తాలూకాకు వెళ్ళిపోయారు. బడి నిలబడింది. శాఖ మూతపడినా దాని ఉత్తర్వులు ఎవరూ రద్దు చేయలేదు కాబట్టి కాగితాల్లో కుహరం కుహరంగానే ఉండిపోయింది.

కొన్నేళ్ళ తర్వాత ఆడిట్ వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. ఇన్నేళ్ళుగా ఇంతమంది ప్రతిరోజూ ఇన్ని బిందెలతో తొలగిస్తున్నప్పటికీ, సదరు పరిశీలనా కుహరంలోని ఆటంకం ఇంతవరకూ ఎందుకు తొలగిపోలేదో సంజాయిషీ ఇవ్వవలసిందని అశ్వత్థప్పకు తాఖీదు వచ్చింది. అప్పటికి ఆయన రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్నాడు. తాఖీదును శ్రద్ధగా రెండుసార్లు చదివి, తన చేత్తోనే జవాబు రాశాడు.

"ఎండాకాలంలో ఆటంకం కొంత తగ్గుచున్నది. వానలకు మరల పెరుగుచున్నది. గ్రామస్థులు విసుగు చెందక తొలగించుచున్నారు. ఇది ఎన్నటికీ పూర్తిగా తొలగిపోకూడదని ఈ కార్యాలయం ఆశించుచున్నది."